చుక్క దగ్గర దిగాలి

మద్దిలపాలెంలో బస్సెక్కి కూర్చున్నాక కండక్టరు టికెట్టు చింపుతూ చెప్పాడు. "మీ పుస్తకాల కుర్రోడు నిన్న పోయేడంట సార్. కామెర్లు." నేను ఒళ్ళో ఉన్న టిఫిన్ క్యారియర్ మూత తిప్పుతూ ఉండిపోయాను. నేను దిగే కూర్మన్నపాలెం దాకా దాన్ని తిప్పుతూనే ఉన్నానని పక్కాయన అంటే తెలిసింది.

ఇరవయ్యేడు కూడా నిండలేదు అతనికి. డిపో ఎదురుగా, టైర్ల షాపుకీ టీ కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఉండేది అతని అద్దె పుస్తకాల షాపు. నేను స్టీల్ ప్లాంటు పనులకని గోదావరి జిల్లా నుంచి వచ్చిన కొత్తలో, ఈ ఊళ్ళో నన్ను మొదట 'బావా' అన్నది అతనే. అందర్నీ అలాగే అనేవాడనుకోండి. అయినా పరాయి ఊళ్ళో ఆ పిలుపు కోసమే రోజూ సాయంత్రం అక్కడ ఆగేవాణ్ణి.

అడిగిన పుస్తకం ఇచ్చే అలవాటు అతనికి లేదు. మన మొహం కాసేపు చూసి, లోపలికెళ్ళి, తనకు తోచింది తెచ్చేవాడు. అది ఎందుకు చదవాలో ఓ చీటీ మీద పెన్సిలుతో రాసి, వెనక అట్ట లోపల మడిచి, మైదా జిగురుతో అంటించేవాడు. కథ పూర్తయ్యాకే చింపి చూడాలి. ముందే చెప్పవచ్చు కదా అంటే, "నాను ముందే సెప్పేత్తే నా కళ్ళతో సదువుతావు బావా. నీ కళ్ళేటి సేత్తాయి మరి?" అన్నాడు.

నేను ఓసారి దొంగతనం చేశాను. ఒక్క పేజీ చదవకుండా చీటీ చింపాను. "ముందు సదువు బావా, తర్వాత సెప్తాను" అని ఉంది అందులో. మర్నాడు సిగ్గు విడిచి అడిగితే, "నీ మొకం సూసే రాసేను" అని నవ్వేశాడు.

అతనికి బాగా ఇష్టమైనవి రెండు. ఒకటి ఓ పెళ్ళిళ్ళ వంటవాడి నవల. దాని చీటీ నా దగ్గర ఇంకా ఉంది: "ఇందులో సెడ్డోళ్ళు ఎవరూ లేరు. అయినా అందరికీ అన్నేయం జరుగుద్ది. మనూళ్ళో జరిగినట్టే." రెండోది అట్ట ఊడిపోయిన దెయ్యాల కథల పుస్తకం. దాన్ని ఇంట్లో మనిషి పోయినవాళ్ళకే ఇచ్చేవాడు. ఫిషింగ్ హార్బర్‌లో చేపలమ్మే ఒకామె, మొగుడు వేటకెళ్ళి తిరిగి రాలేదు, కూడబలుక్కుని చదివేది. ఆమెకు ఆ పుస్తకం ఇస్తుంటే నేను మందలించాను. "భయానికి కాదు బావా," అన్నాడు మెల్లిగా. "పోయినోళ్ళు ఒక్కపాలి తిరిగొత్తే బాగున్ను అనుకోనోళ్ళు ఎవరు?" ఆమె ఆ పుస్తకం మళ్ళీ మళ్ళీ పట్టుకెళ్ళేది.

ఇంకో సంగతి చెప్పాలి. నేను చదివేది పొద్దున్న బస్సులోనే. అతనిచ్చిన పుస్తకాల్లో అక్కడక్కడా పేజీ అంచున సన్నటి పెన్సిల్ చుక్క ఉండేది. చాలా రోజులు పట్టించుకోలేదు. తర్వాత చూసుకుంటే, కూర్మన్నపాలెంలో దిగడానికి పుస్తకం మూసిన చోటల్లా ఆ చుక్క ఉంది. ఒక వాక్యం అటో ఇటో, అంతే. అడిగితే ఆకాశం వంక చూసేవాడు.

అతను మంచం పట్టి రెండు నెలలైంది. చూడటానికి నేను వెళ్ళలేదు. ఓవర్‌టైమ్ అన్నాను, వాన అన్నాను, ఆదివారం వెళ్దామన్నాను. నిజం చెబితే, పచ్చబడిన ఆ కళ్ళలోకి చూడటానికి భయపడ్డాను. మూసి ఉన్న షాపు ముందునుంచి రోజూ తల వంచుకుని నడిచాను. అంత పిరికివాణ్ణి.

ఆ సాయంత్రం సమాధుల తోటలో మట్టి వేసి వచ్చాక వాళ్ళమ్మ నన్ను ఇంటికి తీసుకెళ్ళింది. గోడ మీద సిలువ కింద పుస్తకాల కట్ట ఉంది.

"ఆదోరం ఆదోరం కూర్మన్నపాలెం బస్సెక్కి ఎల్లీవోడు బాబూ," అంది. "పనేటీ నేదు. రోజంతా పుస్తకం సదూకుంటా ఎల్లి, సదూకుంటా వచ్చీవోడు."

నా స్టాప్ వచ్చేసరికి తను చదువుతున్న చోట చుక్క పెట్టేవాడని అప్పుడు అర్థమైంది. నాకోసం అన్ని ఆదివారాలు బస్సులో తిరిగిన మనిషి కోసం నేను ఒక్క ఆదివారం కదల్లేకపోయాను. ఏడుపొచ్చింది, ఆమె ముందే ఏడ్చాను.

ఆమె ఒక పుస్తకం నా చేతిలో పెట్టింది. "ఈ కట్ట ఆడు మంచమెక్కినాక వచ్చింది. తాడు నిన్ననే ఇప్పేను. కట్టలో మూడోది ప్లాంటు బావకియ్యమ్మా అన్నాడు, ఆకర్ని."

రైళ్ళు ఆగడం మానేసిన స్టేషన్లో ఒంటరిగా మిగిలిపోయిన మాస్టరు కథ అది. కొత్త పుస్తకం. వెనక్కి తిప్పాను. అట్ట లోపల మడిచి అంటించిన చీటీ.

"జిగురెవరు కాచారమ్మా?"

"ఎప్పుడూ నానే కాసీదాన్ని. ఈ రెండ్నెల్లూ కాయనేదు బాబూ. ఆడికి గ్లాసే పట్టు సిక్కీది కాదు."

చీటీ చింపకుండానే పుస్తకం చంకన పెట్టుకుని బయటికొచ్చాను.

పదకొండు రోజులు చదివాను. రోజూ చుక్క ఉంది. రోజూ అక్కడే దిగాను. కథ కంటే ఆ చీటీ నన్ను ఎక్కువ భయపెట్టింది. రాలేదేం బావా అని అడిగి ఉంటే ఏం చెప్పను? పన్నెండో రోజు కావాలనే నిదానంగా చదివాను, ఒక్కో పేరా రెండేసి సార్లు. అయినా కథ అయిపోయింది. చీటీ చింపి, పుస్తకాన్ని కిటికీ ఊచలకు ఆనించి, మడత విప్పాను.

"రానేదని నానేటీ అనుకోనేదు బావా. స్టాప్ వచ్చింది, దిగు."

తలెత్తాను. బస్సు కూర్మన్నపాలెంలో ఆగి ఉంది. అందరూ దిగిపోయారు. కండక్టరు విజిల్ నోట్లో పెట్టుకుని నావైపే చూస్తున్నాడు. గబగబా దిగేశాను. రోడ్డు మీద నిలబడ్డాక చూసుకుంటే చేతిలో చీటీ ఒక్కటే ఉంది, బొటనవేలికి పెన్సిలు నలుపు అంటుకుని ఉంది.

బస్సు మెల్లగా కదిలి, ముందున్న లారీ వెనక ఆగిపోయింది. గాలి లేదు. నా సీటు దగ్గర ఊచలకు ఆని ఉన్న పుస్తకం మొదటి పేజీకి తెరుచుకుని ఉంది. కాసేపటికి ఒక పేజీ తిరిగింది. చదవడానికి పట్టేంతసేపు ఆగి, ఇంకొకటి తిరిగింది.