పిన్ని విప్పిన చీటీల సంచి

మా పిన్ని ముప్పై ఏళ్లు నిఘంటువు ఆఫీసులో పనిచేసింది. ఆమె వంతు ‘గ’ అక్షరం. “గాడిద నుంచి గౌరవం దాకా అందరూ నా కిందే” అని మురిసిపోయేది. ఏ మాటనైనా మనుషుల నోట వినందే అచ్చుకు పంపేది కాదు. విన్న వాక్యం, తేదీ చీటీ మీద రాసి సంచిలో వేసుకునేది.

‘గూఢచారి’ దగ్గర ఆమె బండి ఆగింది. గూఢం అంటే దాగినది, చారి అంటే తిరిగేవాడు. సంస్కృతం నుంచి వచ్చిన మాట. పూర్వం రాజులు పంపిన వేగులవాళ్లని అలా అనేవారని పుస్తకాలు చెప్పాయి. మరి ఇవాళ ఎవరు ఎవరిని అంటున్నారు?

ఆమె స్నేహితురాలు కాజాలక్క దుస్తుల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టేది. అక్కడ ఎవరో యజమానికి మాటలు మోస్తే ఇద్దరి ఉద్యోగాలు పోయాయట, అందరి నోటా ఇప్పుడు ‘గూఢచారి’ అన్న మాటేనట. పిన్ని మర్నాటి నుంచే క్యారేజీ పట్టుకుని ఆమెతో భోజనానికి వెళ్లింది. చీటీల సంగతి మాత్రం ఆమెకు చెప్పలేదు.

నాలుగో రోజు, బట్ట కత్తిరించే మేస్త్రీ బల్ల కింద పిన్ని పెన్సిలు కదలడం చూశాడు.

“మాతో కూర్చుని తింటూ, మాకు చెప్పకుండా మా మాటలు రాసుకుంటోంది. గూఢచారి,” అన్నాడు.

అందరూ కాజాలక్క వైపు తిరిగారు. తీసుకొచ్చింది ఆవిడే కదా. అక్కడ వెలివేస్తే ఆమె ఇక పని మానుకోవాల్సిందే.

నేనైతే గుమ్మం వెతుక్కునేదాన్ని. పిన్ని సంచి బల్ల మీద బోర్లించింది.

“చదువుకోండి అన్నా. మా కాజాలక్కకి ఏమీ తెలీదు, దీన్నేమీ అనకండి.”

మేస్త్రీ పైకే చదివాడు. గంప, గరిటె, గిల్లికజ్జాలు. ఎవరో కిసుక్కున నవ్వారు.

“అన్నవాళ్ల పేర్లు లేవేంటమ్మా?”

“పేర్లు నాకెందుకన్నా? నాది మాటల పని.”

“యజమానికి కావలసింది పేర్లే,” అన్నాడు మేస్త్రీ, మిగతావాళ్లతో. కాజాలక్క పక్కనున్నామె ఆగిన ముద్ద మళ్లీ కలుపుకుంది.

పిన్ని లేచింది. “అయినా తప్పు నాదే. అడక్కుండా రాశాను. ఇవి మీ దగ్గరే ఉంచండి. ఇందాక నన్ను అన్న మాట ఒక్కటి రాసుకోనా?”

మేస్త్రీ నిదానంగా మళ్లీ చెప్పాడు. ఆమె అందరి ముందూ రాసుకుంది. ఏడాది కష్టం ఆ బల్ల మీదే వదిలి వచ్చింది. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

‘గూఢచారి’ కింద ఉదాహరణగా మేస్త్రీ వాక్యం చూసి నిఘంటువు సంపాదకుడు నొసలు చిట్లించాడు. “ఇది మన ఆఫీసు మనిషినే తిట్టినట్టుంది. తీసేద్దామమ్మా.”

“ఆయన అన్నది నిజమే సార్,” అంది పిన్ని. “ఉండనివ్వండి.”