ఖాళీ మంచం మీద గుండె

దయ్యాలంటే నాకు మొదటి నుంచీ చిరాకు. బొగ్గు బావుల కాలనీలో పెరిగినదాన్ని. మూతబడ్డ బావిలోంచి ఎవరో పిలుస్తారని అందరూ చుట్టు తిరిగి పోతుంటే, నేను దాని పక్కనుంచే బడికి వెళ్లేదాన్ని. ఇది మాత్రం ఇప్పటికీ పగటిపూటే చెబుతాను.

కరీంనగర్‌లో ఒక స్కానింగ్ సెంటర్‌లో గుండె స్కాన్లు తీస్తాను. టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థాన్ని ఒక మందుతో కలిపి నరంలోకి ఎక్కిస్తే, అది వెళ్లి గుండె కండరంలో కూర్చుంటుంది. దాని కిరణాలను కెమెరా పట్టుకుంటుంది. తెర మీద గుండె నడుమ చిల్లున్న గారెలా కనిపిస్తుంది. రక్తం అందని చోట గారెను కొరికినట్టు ఉంటుంది.

ఈ మందు నిల్వ ఉండదు. ఆరు గంటలకు దాని బలం సగమైపోతుంది. అందుకే రోజూ పొద్దున హైదరాబాద్ నుంచి కారులో తెప్పిస్తాం. అది వచ్చేలోపు ఖాళీ మంచం మీద కెమెరా నడిపి చూడటం నా మొదటి పని. ఒకటీ అరా చుక్కలు తప్ప తెర నల్లగా ఉండాలి.

ఆ సోమవారం మొదటి పేషెంటు మా బాపు, అంటే మా నాన్నే. నాలుగడుగులు వేస్తే ఆయాసపడుతున్నాడని చెన్నూరు నుంచి బలవంతంగా తీసుకొచ్చాను. పొద్దున్నే సెంటర్ తలుపు దగ్గర నిలబడి మొదలుపెట్టాడు.

"నాకేం కాలే బిడ్డా. జర గ్యాసు, గంతే. పత్తి ఏరెటోళ్లు వస్తరు, నేను పోత."

ముందురోజు నుంచీ ఇదే పాట. విసుగొచ్చి, సరే పో, వచ్చే వారం చూద్దాం అనేశాను. మందు కారు ఇంకా సిద్దిపేట కూడా దాటలేదు.

ఆ విసుగులోనే ఒక పొరపాటు చేశాను. ఖాళీ మంచం పరీక్షకు వేరే ఫైలు ఉంటుంది. నేను బాపు పేరుతో తెరిచి ఉన్న ఫైల్లోనే కెమెరా నడిపాను.

తెర మీద చుక్కలు కూడుకోసాగాయి. గుండ్రంగా. కింద ఒక కొరుకు, పక్కన చిన్నది ఇంకొకటి.

గదిలో నేనొక్కదాన్నే. ఎక్కడైనా మందు ఒలికిందేమోనని మీటరు పట్టి మంచం, నేల, నా చేతులు, చెప్పులు అన్నీ చూశాను. ఏమీ లేదు. ఆదివారం సెలవు కాబట్టి శనివారం మందు మిగిలే అవకాశమే లేదు. అప్పుడు చూశాను, ఆ బొమ్మ పైన బాపు పేరుంది.

బయటికి పరుగెత్తాను. బాపు ఆటో ఎక్కబోతున్నాడు. చేతిలో సంచి లాక్కున్నాను.

"ఏందే, గట్ల ఉరికొచ్చినవ్?"

"నువ్వు ఎటూ పోవద్దు బాపూ" అంటూ రోడ్డు మీదే ఏడ్చేశాను.

మందు వచ్చాక స్కాన్ తీశాను. అదే గారె, కింద అదే కొరుకు. పక్కన మాత్రం ఏమీ లేదు. ఆ రోజే ఆసుపత్రిలో చేర్చి స్టెంట్ వేయించాం. ఇంకొన్నాళ్లు ఆగితే మనిషి దక్కేవాడు కాదన్నారు డాక్టరు.

డాక్టరుకు రెండు బొమ్మలూ చూపించాను. మొదటిది తీసిన టైముకు మందు ఊళ్లోకే రాలేదని చెప్పాను. "మిషన్ల ఏదో గడబిడ అయ్యుంటది" అన్నారు కానీ, నా ముఖం చూడలేదు. ఇంజనీరు వచ్చి అంతా విప్పి చూసి, మిషన్ బాగానే ఉందని రాసి వెళ్లాడు.

అదెలా జరిగిందో నాకిప్పటికీ తెలియదు. బాపు మళ్లీ చేనుకు పోతున్నాడు. ఏటా తీసుకొచ్చి అదే మంచం మీద పడుకోబెడతాను.

"బాగైన గుండెకు ఊకె ఫోటోలెందుకే?" అని నవ్వుతాడు.

నేను నవ్వలేను. మొదటి బొమ్మలో పక్కనున్న ఆ చిన్న కొరుకు ఇంకా రాలేదు.