మస్తాన్ అన్న బ్రేకు

2023 వేసవి. నల్లమాడ చుట్టుపక్కల ఇళ్లకు ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చి, మరమ్మతులు చూసే పని నాది. కరెంటు పోయి వచ్చి రూటర్లు చెడిపోతుంటే ఫోన్ మోగుతూనే ఉండేది. ఒక ఇంట్లో పని చేస్తున్నా మనసు తర్వాతి ఇంటి మీదే ఉండేది.

అప్పుడే షాహీన్ పిలిచింది. ఆమె ఇంటి ముందుగదిలో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తుంది. భర్త మస్తాన్ లారీ డ్రైవరు. ప్రమాదంలో కుడికాలు విరిగి, అప్పుడప్పుడే కోలుకుంటున్నాడు. అలవాటు తప్పకుండా లారీ నడిపే గేమ్ పెట్టించి, స్టీరింగు, పెడళ్లు కొనిచ్చింది. కానీ ఆ గేమ్‌ను మోయగలిగేది ఆమె కంప్యూటరు ఒక్కటే. ముందుగదిలో కూర్చుంటే వచ్చినవాళ్లంతా కాలి సంగతే అడుగుతారని మస్తాన్ లోపలినుంచి కదలడు. అందుకని గేమ్ ఆమె కంప్యూటర్‌లో నడవాలి, తెర మీది బొమ్మ మాత్రం లోపలిగదిలో స్టీరింగు తగిలించిన పాత లాప్‌టాప్‌లో కనపడాలి. దీన్నే స్ట్రీమింగ్ అంటారు.

చూస్తే ఇంట్లో రెండు రూటర్లు, రెండు వేర్వేరు నెట్‌వర్క్‌లు. ఒక కంప్యూటరు ఉన్నట్టే రెండోదానికి తెలియదు. సెట్టింగ్ మార్చి రెండింటినీ ఒకే నెట్‌వర్క్‌లోకి తెచ్చాను. బొమ్మ చక్కగా వచ్చింది. స్పీడ్ టెస్ట్ చూపించి బయటపడ్డాను.

కొద్దిరోజులకే మళ్లీ ఫోన్. "అన్నా, మా ఆయన స్టీరింగు పీకి మంచం కిందికి తోసినాడు. ఇంక లారీ తోలేకి రానని ఓనరుకు చెప్పేస్తానంటాండాడు. ఒగసారి రా," అంది షాహీన్.

విసుక్కుంటూనే వెళ్లాను. బొమ్మలో ఏ లోపమూ లేదు. నెట్ బాగానే ఉందన్నాను. మస్తాన్ గోడవైపు చూస్తూ మాట్లాడాడు.

"నెట్‌కేమప్పా, బాగనే ఉండాది. నా కాలే మొద్దుబారింది. బ్రేకు తొక్కితే లారీ ఇంకింత ముందుకు పోయి నిలబడతాంది. డాక్టరేమో బాగుండాదంటాడు. రోడ్డు మీదైతే ఎవురినో ఒగర్ని చంపుతా."

స్టీరింగు బయటికి లాగి, తగిలించి, నేనే కూర్చుని బ్రేకు తొక్కాను. నాకూ లారీ ఆలస్యంగానే ఆగింది. తొక్కిన సంగతి ముందుగదికి వెళ్లి, బొమ్మగా తిరిగి రావడానికి పట్టే ఆ సమయాన్ని లాటెన్సీ అంటాం. వైఫై రాతిగోడ దాటి వెళ్లి, మళ్లీ గోడ దాటి రావాలి. అక్కడే జాప్యం. అదే చెప్పాను.

"నన్ను ఊరడించేకి చెప్తాండావులే," అన్నాడు.

మాటలతో అయ్యే పని కాదనిపించి, వెంటిలేటరు గుండా లాన్ కేబుల్ లాగాను. రెండు కంప్యూటర్లకూ వైఫై తీసేసి తీగే కలిపాను. ఇంతలో కరెంటు పోయింది. చెమటలు కారుతుండగా ముగ్గురం కూర్చున్నాం. మస్తాన్ కుడికాలి వేళ్లను ముడుస్తూ, చాపుతూ ఉన్నాడు. జేబులో నా ఫోన్ మోగుతున్నా ఎత్తలేదు. తీగ కలిపాక కూడా లారీ ఆలస్యంగానే ఆగితే ఏం చెప్పాలో తెలియడం లేదు.

కరెంటు వచ్చింది. మస్తాన్ వేగం అందుకుని బ్రేకు తొక్కాడు. లారీ అక్కడికక్కడే ఆగింది. మళ్లీ నడిపాడు, మళ్లీ తొక్కాడు.

"అయితే కాలు కాదా?" అన్నాడు నెమ్మదిగా.

"కాదన్నా. వైఫై."

కొన్ని నెలలకు అతను మళ్లీ లారీ ఎక్కాడు. నేను మాత్రం స్పీడ్ టెస్ట్ అంకె చూపించి ఇల్లు దాటడం మానేశాను. ఏం చేస్తే ఏమవుతోందో వాళ్లచేతనే చేయించి, తర్వాత నేనూ అదే చోట కూర్చుని చేసి చూస్తాను. యంత్రం తప్పును కూడా మనుషులు తమ మీదే వేసుకుని, ఎవరికీ చెప్పకుండా కుమిలిపోతారని నాకు ఆ ఇంట్లో తెలిసింది.