మా ట్రాక్టర్ అద్దాలు ఊడబెరికిన కథ

నాన్న ట్రాక్టర్ కొన్న ఏడాది మా ఇంట్లో జరిగిన గొడవ ముందు ఊళ్ళో ఫ్యాక్షన్ ఏపాటిది! గొడవ ఏ కంపెనీ బండి కొనాలన్నదాని గురించి కాదు. సీటు చుట్టూ ఓపెన్‌గా వదిలేయాలా, క్యాబిన్ కట్టించి అద్దాలు బిగించాలా అన్నదాని గురించి.

అమ్మది క్యాబిన్ పార్టీ. కారణం నాన్న దగ్గు. అప్పటిదాకా ఇతరుల ట్రాక్టర్లు తోలిన మనిషి, నల్లరేగడి దుమ్మంతా ఊపిరితిత్తుల్లోనే పెట్టుకున్నాడు. జమ్మలమడుగు డాక్టరు రొమ్ము మీద గొట్టం పెట్టి విని, దుమ్ముకు దూరంగా ఉండమన్నాడు. సేద్యం చేసేవాణ్ణి పట్టుకుని ఆ మాట చెప్పడానికి ఆయన ఎన్నేళ్ళు చదివాడో మరి.

నాన్నది ఓపెన్ పార్టీ.

"మొగం కనపడాల" అన్నాడు. "మనూర్లో మొగం కనపడకుండా తిరిగేటోళ్ళు రెండే రకాలు. ఒగడు చంపేదానికి పోయేటోడు, ఇంగొగడు చంపుతారని దాక్కొనేటోడు. నన్ను యా రకం కమ్మంటావు?"

"నువ్వు దగ్గకుండా నిద్రపోయేటోడివి కావాల" అంది అమ్మ.

మా ఊరికి రెండు వీధులు, రెండు వర్గాలు. పై వీధి పెద్దమనిషి ఒక పార్టీ జెండా కడితే కింది వీధి పెద్దమనిషి ఎదుటి పార్టీ జెండా కట్టేవాడు. ఎన్నికలొచ్చినప్పుడల్లా జెండాలు మార్చుకున్నారే గానీ పగ మార్చుకోలేదు. నాన్న ఏ వర్గమూ కాదు, ఇద్దరి పొలాలూ దున్నేవాడు. ప్రతి వీధి మొదట్లో ఒక రచ్చకట్ట ఉండేది, ఆ కట్ట మీద వాళ్ళ మనుషులు కూర్చునేవారు. దాని ముందునుంచి పోయేవాడెవడైనా తలగుడ్డ తీసి, బండి నెమ్మది చేసి, ముఖం చూపించి, పలకరించి పోవాలి. చలికాలం దుప్పటి కప్పుకున్న ముసలాడైనా అక్కడ ముసుగు దించాల్సిందే. మర్యాద అనేవాళ్ళు దాన్ని. నా మొహం మర్యాద!

చివరికి అమ్మే గెలిచింది. ఎప్పుడు ఓడింది గనక! బండి ఊరికి తేకముందే, ప్రొద్దుటూరులో లారీలకు బాడీలు కట్టే షెడ్డులో క్యాబిన్ కట్టించారు. మేస్త్రీ మురిసిపోయి, అడగకుండానే అద్దాలకు నల్ల కాగితం కూడా అంటించాడు.

"పులివెందుల నుంచి జీపులోళ్ళు వచ్చి ఇదే కొట్టిచ్చుకొని పోతారప్పా. లోపల ఎవురుండేదీ దేవునికి గూడా తెలీదు" అన్నాడు.

నాన్న ముఖం మాడిపోయింది. అమ్మ మాత్రం ఎండ తగలదని సంబరపడింది.

ముగ్గురం ఊరికి బయల్దేరాం. నాన్న సీట్లో, అమ్మా నేనూ చెరో మడ్‌గార్డ్ మీద. ఊళ్ళోకి రాగానే పై వీధి కట్ట. పేకాట జోరుగా సాగుతోంది. నాన్న అలవాటు ప్రకారం బండి నెమ్మది చేశాడు, అదే కొంప ముంచింది. ఎవరిదో తెలియని కొత్త బండి, నల్లద్దాలు, సరిగ్గా కట్ట ముందుకొచ్చి నెమ్మదించింది! పేకముక్కలు గాల్లోకి లేచాయి. ఒకాయన పంచె కట్ట మీదే వదిలేసి పరిగెత్తాడు. ఇద్దరు ఇంట్లోకి దూరి బకెట్లతో బయటికొచ్చారు. ఆ బకెట్లలో ఇసుక, ఇసుకలో నాటుబాంబులు ఉంటాయని మా ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు.

లోపల నాన్న నవ్వుతూ వాళ్ళకు దండం పెడుతున్నాడు. ఎవరికి కనపడుతుంది? వాళ్ళు నోళ్ళు తెరిచి ఏదో అరుస్తున్నారు, ఇంజను మోతలో ఒక్క ముక్కా మాకు వినపడలేదు. నాన్నను చంపేస్తారనుకున్నాను. పక్కనే ఉన్న నేనూ చస్తానన్న సంగతి తట్టలేదు.

అమ్మ కాలితో తలుపు తన్ని కిందికి దూకింది.

"ఏందిరా, పూజ చేసి నిమ్మకాయలు తొక్కిచ్చిన బండి మీద బాంబేస్తారా? మీ చేతులు పడిపోను! ఒరే, నువ్వు ముందు పంచె కట్టుకోపో, సిగ్గు ల్యాకపోతే సరి!"

ఆ గొంతు తెలియనివాడు ఊళ్ళో లేడు. బకెట్లు నేలకు దిగాయి.

"నువ్వా అక్కా!" అన్నాడు ఒకాయన. "ముందే మొగం చూపియ్యాల గదా!"

అంతటితో అయిపోతే బాగుండు. కింది వీధికి అప్పుడే కబురందింది. "ఆళ్ళ కాడ దిగి మాట్లాడినారంట, మా కాడ దిగరా?" అని దారికి అడ్డం నిలబడ్డారు. అమ్మ అక్కడా దిగి, అవే తిట్లు మళ్ళీ తిట్టింది. ఏ వర్గమూ కాని ఇల్లు గదా, తిట్లలో కూడా తేడా రాకూడదు.

మర్నాడే నాన్న స్పానర్ పట్టుకుని తలుపులూ అద్దాలూ ఊడబెరికాడు. నాలుగు కమ్ములూ పైకప్పూ మిగిలాయి. అమ్మ ఈసారి అడ్డం రాలేదు. ఆ అద్దాలను కోళ్ళ గూటికి బిగించారు. మా కోళ్ళు బతికినన్నాళ్ళూ లీడర్ల మాదిరే బతికాయి.

కనీసం ముక్కుకైనా గుడ్డ కట్టుకోమంది అమ్మ.

"మళ్ళా మొగమే గదా మూసేది" అన్నాడు నాన్న.

అట్లా ముఖం చూపిస్తూ, దుమ్ము మింగుతూ, ఏళ్ళ తరబడి ఇద్దరి పొలాలూ దున్నాడు. ఊళ్ళో కొందరు కత్తులకు పోయారు, కొందరు బాంబులకు పోయారు. మా నాన్న మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. ఆయన దగ్గి దగ్గి పోయాడు. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నాన్న పోయిన రోజు రెండు వీధుల పెద్దమనుషులూ వచ్చారు. అప్పటికి ఇద్దరూ ఒకే పార్టీలో చేరిపోయి, వరసగా కార్లేసుకుని తిరుగుతున్నారు. నల్లద్దాలు, లోపల ఏసీ. మా వీధిలో దుమ్ము లేస్తోందని అద్దాలు దించకుండానే, డ్రైవర్లకు పూలదండలిచ్చి పంపారు.

అమ్మ నాన్న పక్కనుంచి లేచింది. కొంగు నడుముకు దోపుకుని ముందున్న కారు దగ్గరికి పోయి, అద్దం మీద టకటకా కొట్టింది.

"దించప్పా అద్దం. మొగం చూపియ్యి. ఆయప్ప బతికినన్ని దినాలు మీకు చూపిచ్చినాడు గదా."