కంతలన్నీ మూసేసిన మర్నాడు

కిటికీలు మార్పించడం ఎంత ఖరీదో మీకందరికీ తెలుసు. మార్పించకుండా ఊరుకుంటే ఎంత ఖరీదో నన్నడగండి! పోయిన డిసెంబర్‌లో మా ఇంటికి ప్రార్థనకొచ్చినవాళ్ళని ఇంచుమించు పరలోకానికి పంపించేశాను. నవ్వకండి. సరే, నవ్వండి. అందరం మిగిలాం కాబట్టే కదా ఈ టీ తాగుతున్నాం.

మాది మిన్నెసోటాలో పైకొసన, కెనడాకి దగ్గర్లో ఉన్న చిన్న ఊరు. డెబ్భై తొమ్మిదిలో అక్కడ ఓ పాత ఇల్లు కొన్నాం. కొన్నది జూలైలో. అదే కొంప ముంచింది! బాపట్లలో పుట్టినవాణ్ణి, ఇంటినిండా కిటికీలు చూసేసరికి ప్రాణం లేచొచ్చింది. "ఎంత గాలి! ఎంత వెలుతురు!" అని నేనూ మా ఆవిడ సుగుణా మురిసిపోయి సంతకాలు పెట్టేశాం. నవంబర్ వచ్చింది. కిటికీలన్నీ మూసినా అదే గాలి వస్తోంది. చెక్క చట్రాలు బీటలిచ్చి, ఎక్కడికక్కడ సందులే. కర్టెన్లు వాటంతటవే ఊగుతుంటే మా నాలుగేళ్ళ గ్రేస్ "డాడీ, ఘోస్ట్!" అని ఏడుపు. కిటికీ పక్కన గ్లాసుతో నీళ్ళు పెడితే తెల్లారేసరికి మీగడ కట్టినట్టు ఐసు. పిల్లకి దగ్గు పట్టుకుంది, వదల్లేదు.

ఇక లాభం లేదని కిటికీల కంపెనీవాణ్ణి పిలిచాం. టై కట్టుకుని వచ్చాడు. ఇల్లంతా టేపు పెట్టి కొలిచాడు, సుగుణ ఇచ్చిన కాఫీ తాగాడు, కాగితం మీద ఏదో రాసి నా వైపు తిప్పాడు. అంత పొడుగు నంబరు చూసి ఫోన్ నంబర్ ఇచ్చాడేమో అనుకున్నాను!

"దిస్ ఈజ్ ద ప్రైస్?" అన్నాను.

"ఇన్‌స్టలేషన్ ఇంక్లూడెడ్, సర్," అన్నాడు నవ్వుతూ.

కొత్త కార్ వచ్చే డబ్బు. అప్పు తీసుకుందామంటే ఈ రోజుల్లో బ్యాంకు వడ్డీ చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఆలోచించి చెప్తామని సాగనంపాను.

"పడగ్గదుల వరకైనా వేయిద్దామండీ. పిల్ల దగ్గు చూస్తున్నారుగా," అంది సుగుణ.

"నేను సివిల్ ఇంజనీర్ని. బ్రిడ్జీలు కట్టించేవాణ్ణి. నాలుగు కంతలు మూసుకోలేనా?"

శనివారం పొద్దున్నే హార్డ్‌వేర్ స్టోర్‌కి పోయి ప్లాస్టిక్ షీట్లు, మేకులు, సందుల్లో నింపే పేస్టు ట్యూబులు బుట్టనిండా తెచ్చాను. రోజంతా ఒకటే పని. కిటికీ రెక్కల చుట్టూ పేస్టు నింపడం, పైన ప్లాస్టిక్ బిగించి మేకులు కొట్టడం. వెనక తలుపుకీ అదే మర్యాద. చివరికి బేస్‌మెంట్‌లోకి దిగాను. అక్కడ, ఇల్లంతటికీ వేడినిచ్చే గ్యాస్ ఫర్నేస్ పక్కనే, గోడకి చదరంగా ఓ కంత! ఇనప జాలీలోంచి చల్లగాలి ఈడ్చి కొడుతోంది. ఏ మూర్ఖుడు గోడ కట్టాడో, పూడ్చకుండానే పోయాడు అనుకుని, పాత బొంత కుక్కి, పైన చెక్క పెట్టి మేకులు దిగ్గొట్టేశాను. పైకొచ్చి కొవ్వొత్తి వెలిగించి ఇల్లంతా తిప్పాను. మంట కదిలితే ఒట్టు!

మర్నాడు మధ్యాహ్నం మా ఇంట్లో ప్రార్థన. మా ఊళ్ళో తెలుగు చర్చి లేదు, ఉన్న కాసిని కుటుంబాలం వంతులవారీగా ఇళ్ళలో కలుస్తాం. విక్టర్, అతని భార్య శాంత వచ్చారు. పెద్దాయన దేవదానం గారు వచ్చారు. ఆయన కాలేజీలో కెమిస్ట్రీ ప్రొఫెసర్, మా ప్రార్థనలన్నీ ఆయనే నడిపిస్తారు. గ్రేస్‌కి దగ్గు ఎక్కువగా ఉందని సుగుణ పైన గదిలో పడుకోబెట్టింది.

"వందనాలండీ! అబ్బ, ఎంత వెచ్చగా ఉందో! మా ఇంట్లో మంకీ క్యాప్ పెట్టుకుని అన్నం తింటున్నాం," అంది శాంత.

నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

పాట ఎత్తుకున్నాం. రెండో చరణానికే గొంతులు ఈడుస్తున్నాయి. దేవదానం గారు ప్రార్థన మొదలెట్టారు. నాకు తలనొప్పి వచ్చింది, అయితే ఆయన ప్రార్థనకి నాకది మామూలే. విక్టర్ ఆవలింతల మీద ఆవలింతలు. శాంత గోడకి జారబడి ఊరికే కన్నీళ్ళు పెట్టుకుంటోంది. పరిశుద్ధాత్మ దిగిందనుకుని సుగుణ "స్తోత్రం, స్తోత్రం" అంటోంది. ఇంతలో దేవదానం గారు మాట మధ్యలో ఆగి, నుదురు పట్టుకుని, "ఆమెన్" అని కూర్చున్నారు. ఆయన అంత తొందరగా ఆమెన్ అనడం మేమెవరం ఎన్నడూ వినలేదు. అప్పుడైనా నాకు అనుమానం రావాలా వద్దా? హమ్మయ్య అనుకున్నాను!

బెల్ మోగింది. ఎవరూ లేవలేదు. మోగుతూనే ఉంది, నేను వింటూనే ఉన్నాను, లేవాలని తోచలేదు. తలుపు తోసుకుని రత్నం అక్క వచ్చింది. హాస్పిటల్లో నర్సు, డ్యూటీ దిగి నేరుగా వచ్చింది, చేతిలో పులిహోర గిన్నె.

"ఏంటలా పడున్నారు? ఎవరెవరికి తలనొప్పిగా ఉంది?"

స్కూలు పిల్లల్లా అందరం చేతులెత్తాం. పులిహోర గిన్నె నేల మీద పడింది.

"లేవండి! బయటికి! ఫర్నేస్ పొగ ఇంట్లోకి వస్తోంది. అందులోని విషవాయువుకి వాసనుండదు, చంపేస్తుంది!"

"కోట్లు..." అన్నాడు విక్టర్.

"ప్రాణం ముందు తీసుకుపోవయ్యా!" అని కాలర్ పట్టుకుని ఈడ్చింది. శాంతని చంకల కింద పట్టుకుని గుమ్మం దాటించింది. వెనక్కి తిరిగి, "పిల్లేది?" అంది.

సుగుణ కేక నాకిప్పటికీ వినిపిస్తుంది.

నేను మెట్లెక్కాను. సగం దాకా నడిచి, మిగతావి పాకాను. "గ్రేస్! గ్రేసమ్మా!" లేపితే తల పక్కకి వాలిపోయింది. నా బుద్ధికి తోచింది ఒక్కటే, కిటికీ తెరవాలని. ప్లాస్టిక్ మీదనుంచే రెక్క పట్టుకుని లాగాను. కదల్లేదు. నేను నింపిన పేస్టే, రాయిలా బిగిసిపోయింది. కుర్చీ ఎత్తి కొట్టాను. నేను బిగించిన ప్లాస్టిక్ డప్పులా మోగి కుర్చీని నా మీదికే విసిరింది! పిచ్చెత్తినట్టు మళ్ళీ మళ్ళీ కొడితే చివరికి ప్లాస్టిక్ చిరిగి అద్దం పగిలింది. రత్నం అక్క వచ్చి పిల్లని భుజానేసుకుని కిందికి పరిగెత్తింది. నేను గోడ పట్టుకుని వెనకాలే.

మంచులో, అక్క ఒళ్ళో, గ్రేస్ కదలకుండా ఉంది. అక్క దాని నోట్లోకి గాలి ఊదుతోంది. సుగుణ ఏడవడం కూడా మానేసి చూస్తోంది. నేను ప్రార్థన చేద్దామంటే ఒక్క మాటా గుర్తు రాలేదు. ఎంతసేపో. అప్పుడు దగ్గింది.

ఎదురింటి ముసలావిడ మమ్మల్ని చూసి, చీరల్లో, చెప్పుల్లేకుండా మంచులో ఏదో పండగ చేసుకుంటున్నాం అనుకుందట! పిల్లని చూశాక ఫైర్ డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేసింది. వాళ్ళొచ్చి ఫర్నేస్ ఆపి, పొగ పోవడానికి కిటికీలు తెరవబోయారు. ఒక్కటీ తెరుచుకోలేదు. నా పనితనం అలాంటిది! గొడ్డళ్ళతో వరసగా పగలగొట్టుకుంటూ పోయారు.

హాస్పిటల్లో మూతికి ఆక్సిజన్ మాస్కులతో అందరం వరసగా పడుకున్నాం. రత్నం అక్క చెప్పింది. నేను మూర్ఖుడన్నవాడు మూర్ఖుడు కాదు. ఆ కంత ఫర్నేస్ మంటకి గాలి అందడానికి పెట్టింది. అది మూసేసరికి చిమ్నీలోంచి పోవాల్సిన పొగ రాత్రినుంచీ కొంచెం కొంచెంగా ఇంట్లోకి తన్నుతూ వచ్చింది. దేవదానం గారు మాస్కు పక్కకి జరిపి, "కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి, నాకు తట్టాల్సింది ప్రసాదూ," అన్నారు. ఆయన అలా అనేసరికి నాకు దుఃఖం ఆగలేదు. పిల్ల లేచి పాలు తాగాక సుగుణ, "బొంత నాది. పెళ్ళికి మా అమ్మ కుట్టిచ్చింది," అంది. అంతే.

మేము హాస్పిటల్లో ఉన్నన్నాళ్ళూ ఇంట్లో కిటికీల్లేవు, వేడీ లేదు. నీళ్ళ పైపులు గడ్డకట్టి పగిలాయి. తిరిగొచ్చేసరికి వంటింట్లో స్కేటింగ్ చెయ్యొచ్చు! పైపులు, వంటింటి నేల, కొత్త ఫర్నేస్. ఆ పైన కిటికీలు, ఇంట్లో ఉన్నవన్నీ. ఆ టై కట్టుకున్నతన్నే పిలిచాను. నంబరు వంక చూడకుండా సంతకం పెట్టాను.

రెండద్దాల కిటికీలు వేశారు. బయట తుఫానొచ్చినా లోపల చప్పుడుండదు. ఆ నిశ్శబ్దం మాకు పడలేదు. మొదటిరోజే సుగుణ గ్రేస్ గది కిటికీ జానెడు తెరిచింది. నేను హాల్లోది తెరిచాను. చలికాలమంతా కోట్లేసుకుని సోఫాలో కూర్చున్నాం.

మొన్న కంపెనీ నుంచి అతను ఫోన్ చేశాడు. "కొత్త కిటికీలు ఎలా ఉన్నాయి, సర్? సంతోషంగా ఉన్నారా?"

"బ్రహ్మాండం!" అన్నాను. "ఎంత తేలిగ్గా తెరుచుకుంటున్నాయో!"