అడ్డాకులు కుట్టిన మేడం

అరకు బస్టాండు దగ్గరి హోటల్లో వేడి ఉప్మా అడ్డాకు విస్తట్లో పెట్టారు. హాస్టల్ నుంచి వచ్చేసిన మా అమ్మాయి ఎదురుగా కూర్చుని, తినకుండా ఆకు అంచు చింపుతోంది. "ఏమైందే?" అని పొద్దుటి నుంచి అడుగుతూనే ఉన్నాను. ఆ ఆకు వాసనకు మా అమ్మమ్మ అరుగు గుర్తొచ్చింది.

చిన్నప్పుడు నేనూ గుండెదడతో, ముద్ద దిగక, హాస్టల్ నుంచి అలాగే వచ్చేశాను. నన్ను చూడ్డానికి ఓ కౌన్సెలింగ్ మేడం ముంచింగిపుట్టు నుంచి మా కొండ ఎక్కారు. నన్నొక్కదాన్నే కాఫీ చెట్ల కిందికి పిలిచి, కళ్లలోకి చూస్తూ "నీకేం భయం?" అన్నారు. మా ఊళ్లో పిల్లల్ని పక్కకు పిలిచేది చావు కబురు చెప్పడానికే. కూలికెళ్లిన అమ్మ పోయిందనుకుని ఏడుస్తూ అరుగు మీదున్న అమ్మమ్మ దగ్గరికి పరుగెత్తాను.

"గుంటని ఇడిగా పిలవకమ్మా. ఏటడిగినా ఇక్కడే అడుగు," అంది అడ్డాకులు కుడుతున్న అమ్మమ్మ.

మేడం అరుగెక్కి మా పక్కనే కూర్చున్నారు. తనూ ఓ ఆకు తీసుకుని వంకరగా కుడుతూ, నన్ను వదిలేసి అమ్మమ్మను అడిగారు: "మీకెప్పుడైనా ఇలా దడ వచ్చిందా?"

అమ్మమ్మ తలెత్తలేదు. "రాకేటి? పెళ్లయిన కొత్తలో రోజూ వచ్చీది. ఎవుళికీ సెప్పనేదు."

ఎలుగుబంటిని కర్రతో తరిమిన అమ్మమ్మకు దడా! నేనూ ఓ ఆకు అందుకుని, దాని మీంచి కళ్లెత్తకుండానే, "నాకు లైట్లు ఆర్పగానే వస్తాది," అన్నాను.

హోటల్లో నా కుర్చీ వదిలి మా అమ్మాయి పక్కన కూర్చున్నాను. దాని ముఖం చూడకుండా, నా విస్తరి అంచు చింపుతూ అన్నాను:

"నాకూ దడ వచ్చేదే."