మస్తాన్ వలీ పక్కసీటు

మదీనాలో ఇరవయ్యేళ్లకు పైగా వ్యాన్ నడిపిన మనిషిని ఉహుద్ కొండ ఎలా ఉంటుందని అడిగితే ఏం చెబుతాడు? మస్తాన్ వలీ అయితే, "పార్కింగు కుడిచేతి పక్క ఉంటాదిప్పా" అంటాడు. నేను వేళాకోళానికి అల్లిన మాట కాదిది. ఒకసారి నిజంగానే అడిగాను. నిజంగా అదే చెప్పాడు.

మాది నంద్యాల, నా పేరు ఖయ్యూమ్. ప్రవక్త మసీదు ఉన్న హరం దగ్గర ఒక హోటల్లో రిసెప్షన్‌లో పనిచేస్తాను. మస్తానన్నది రాయచోటి పక్క పల్లె. మా హోటల్లో దిగే యాత్రికుల్ని జియారత్‌కు, అంటే పుణ్యస్థలాలు చూపించడానికి తిప్పే వ్యాన్ అతనిది. అతనిదంటే పనిలో పెట్టుకున్న అరబ్బు యజమాని, కఫీల్‌దే, స్టీరింగ్ మాత్రం అతనిది. ఉహుద్, ఖుబా మసీదు, ఖిబ్లతైన్ మసీదు, ఖర్జూరపు తోట, మళ్లీ హోటల్. జనం దిగుతారు, చూస్తారు, కళ్లు తుడుచుకుంటారు, ఎక్కుతారు. ఈలోగా మస్తానన్న అద్దాలు తుడుస్తాడు. మీసాలు రాకముందే క్లీనరుగా లారీ ఎక్కినవాడు. అప్పటినుంచీ కిటికీలోంచి దేన్నీ తీరిగ్గా చూసిన పాపాన పోలేదు. సెలవుకు ఊరెళ్తే బంధువులు కారు తాళాలు తెచ్చి అతని చేతిలోనే పెడతారు. ఇంట్లో ఇంత డ్రైవరుండగా ఇంకొకడెందుకని నవ్వుతారు కూడా. ఆ సంగతి చెప్పినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. అతనికి మండేది కాదు.

అలాంటి మనిషి దక్షిణ అమెరికా చూసొస్తానని బయల్దేరాడు. అందుకు కారణం హనీఫ్ బక్ష్ అనే పెద్దాయన.

ఆయనది గయానా దేశం. ఆయన ముత్తాతను ఎప్పుడో చెరకుతోటల పనికి మన దేశం నుంచి ఓడలో తీసుకెళ్లారట. మన భాషల్లో ఒక్కటీ రాదు, ఇంగ్లీషే. ఉమ్రా యాత్రకు వచ్చినప్పుడు వ్యాన్‌లో ముందు సీట్లో కూర్చున్నాడు. మస్తానన్న గేరు మార్చే తీరు కాసేపు చూసి, నవ్వి, తన అరచేతులు చాపి చూపించాడు. కాయలు కాచిన చేతులు. ఆయన కూడా బతుకంతా లారీ నడిపినవాడే, అడవిలోంచి రుపునుని అనే గడ్డిమైదానాల దాకా. ఉహుద్ దగ్గర అందరూ దిగిపోయాక ఈ ఇద్దరూ వ్యాన్‌లోనే ఉండిపోయారు. పెద్దాయన ఫోన్లో ఒక వీడియో పెట్టాడు. ఎర్రమట్టి రోడ్డు, అటూ ఇటూ గాలికి ఊగే గడ్డి, ఎక్కడో దూరంగా నీలం కొండలు. మనిషి లేడు, బండి లేదు.

సాయంత్రం మస్తానన్న ఆ పెద్దాయన్ని వెంటబెట్టుకుని నా కౌంటర్ దగ్గరికొచ్చాడు. "ఖయ్యూమూ, ఆ రోడ్డుకు ఆ తట్టు ఏముంటాదో అడుగుప్పా."

అడిగి చెప్పాను. "ఏమీ ఉండదంటన్నా. గడ్డి, గాలి, ఆకాశం. అంతే అంట."

"అదే గదా. అంత జాగా ఉత్తగా ఎట్లుంటాది? అది సూడాల."

అలా నేను దుబాసీనయ్యాను. పెద్దాయన తన దేశం వెళ్లిపోయాక వాయిస్ మెసేజీలు మొదలయ్యాయి. సాయంత్రం అసర్ నమాజు తర్వాత వ్యాన్ స్టాండు పక్కన చాయ్ కొట్టులో కూర్చుని, ఆయన ఇంగ్లీషు నేను తెలుగులోకి, మస్తానన్న తెలుగు నేను ఇంగ్లీషులోకి. ఏ పెళ్లికీ ఇన్ని మంతనాలు జరిగి ఉండవు. వానల్లో ఆ మైదానమంతా చెరువవుతుంది కాబట్టి ఎండలు ముదిరాకే రావాలన్నాడాయన. సముద్రం ఒడ్డునున్న పట్నం నుంచి పాత పికప్‌లో బయల్దేరడం, లిండెన్ అనే ఊరు దాటగానే తారురోడ్డు అయిపోవడం, ఆపైన మట్టి, అడవి. మధ్యలో పెద్ద నది, బండిని పడవ మీదికెక్కించి దాటాలి. చీకటి పడితే పడవ నడవదు, కాబట్టి ఆలస్యం చేయకూడదు. ఆ తర్వాత ఒక మలుపులో చెట్లన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి, మైదానం మొదలవుతుంది. అక్కడ మనిషి కంటే ఎత్తయిన చెదపుట్టలు ఉంటాయట. చీపురంత తోకున్న జంతువొకటి వాటిని తవ్వుకు తింటుందట.

"పుట్టలు మా సేన్లో గూడా ఉండాయని చెప్పు," అన్నాడు మస్తానన్న పొంగిపోతూ.

ఇన్నింట్లో ఒక్కదాని దగ్గరే పేచీ వచ్చింది. చెట్లు ఆగే చోట తాను దిగి స్టీరింగ్ మస్తానన్నకు ఇస్తానన్నాడు పెద్దాయన. అతిథికి అంతకంటే పెద్ద మర్యాద ఏముంటుందని ఆయన లెక్క. మస్తానన్న మొహం వాడిపోయింది. "వద్దని చెప్పప్పా. నాకు పక్కసీటు కావాల. నన్ను ఎవురూ కూచ్చోబెట్టి తిప్పలేదు ఇంతవరకూ." నేను ఆ మాట మార్చకుండా చెప్పాను. అటునుంచి జవాబు వచ్చింది: బ్రదర్, పోను నేనే తోలతాను, రాను నేనే తోలతాను. మీరు కిటికీ పక్కన కూర్చోండి, చాలు.

అక్కడ బండ్లు మన ఊళ్లో మాదిరే ఎడమపక్కన పోతాయి, పక్కసీటు ఎడమవైపే ఉంటుంది. అది తెలిసి మస్తానన్న చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఇక్కడ తాను రోజూ కూర్చునే వైపే, కాకపోతే ముందర స్టీరింగ్ ఉండదు. అలవాటు కోసమని నా స్నేహితుడి కారులో ముందు సీట్లో కూర్చుని ఒక చుట్టు తిరిగొచ్చాడు. తిరిగినంతసేపూ కుడికాలితో లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు.

ఈసారి సెలవుకు ఇంటికి రావట్లేదని భార్య మాబున్నీకి చెప్పడానికి మాత్రం భయపడ్డాడు. ఆవిడ ఫోన్లో, "పోయి రాపో. ఈడికొచ్చినా నువ్వు బండి తోలేదే గదా" అంది.

ఇక మిగిలింది విమానాలు మారడం. "ఆ ఎయిర్‌పోర్టుల్లో తప్పిపోతే నన్ను ఎవురు ఎతుకుతారుప్పా" అని మస్తానన్న బెంగ. దానికీ పెద్దాయన దారి చెప్పాడు. తాను మళ్లీ ఉమ్రాకు వచ్చి, తిరుగుప్రయాణంలో అతన్ని వెంట తీసుకెళ్తానన్నాడు. అన్నట్టే వచ్చాడు. కొంచెం చిక్కాడు, నడక నెమ్మదించింది. చాయ్ కొట్టులో బల్ల మీద ఖర్జూరపు గింజలు పేర్చి దారి చూపించాడు. ఇది నది, ఇది అడవి, ఇదిగో ఇక్కడ చెట్లు ఆగుతాయి. మస్తానన్నకు దేశం దాటి తిరిగి రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ వీసా వచ్చేసింది, బ్యాగు సర్దేశాడు, వ్యాన్ తాళాలు ఇంకో డ్రైవరుకు అప్పగించేశాడు.

విమానానికి ముందురోజు హరంలో తెల్లవారుజాము ఫజర్ నమాజు అయ్యాక పెద్దాయన ఒక స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. కునుకు తీస్తున్నాడనుకున్నారంతా. మళ్లీ లేవలేదు.

మదీనాలో చావు దొరకడం ఎంత పెద్ద సంగతో మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ప్రవక్త సహచరులు నిద్రిస్తున్న జన్నతుల్ బఖీ ఖబరస్తాన్‌లో చోటు కోసం దువా చేయని యాత్రికుడు ఉండడు. అందుకే ఆ పొద్దున వచ్చినవాళ్లెవరూ మస్తానన్నను ఓదార్చలేదు. చేతులు పట్టుకుని సంతోషం చెప్పారు. తోటి డ్రైవర్లు చెప్పారు, హోటల్ మేనేజరు చెప్పాడు. ఫోన్లో పెద్దాయన కూతురు కూడా ఏడుస్తూనే, మా నాన్న అదృష్టవంతుడంది. అతను అందరికీ తలూపాడు. ఊరుకోలేక నేనూ అన్నాను, "ఎంత అదృష్టమన్నా, ఎవరికి దొరుకుతుంది?"

అప్పుడు నా వైపు తిరిగాడు. "అదురుష్టం ఆయనదిప్పా. నేను కాదన్లా. మదీనా ఆయన ముందే సూసినాడు. ఈ తూరి నన్ను పిల్చుకపోదామని వచ్చినాడు. నాకు ఎవురన్నా ఏమన్నా చెప్తారేమో అని సూస్తాండా, ఒక్కరూ చెప్పలా."

అంతమందిమి ఉండి ఆ మనిషి ఏడవడానికి కాస్త చోటు ఇవ్వలేకపోయాం.

ఆసుపత్రిలో స్నానం చేయించి, కఫన్ గుడ్డ చుట్టి, జనాజా బండిలో పెట్టారు. ముందు డ్రైవరు పక్కన ఒక్క సీటు ఉంది. మస్తానన్న అందులో కూర్చున్నాడు. నేను వెనక పెద్దాయన పక్కన కూర్చున్నాను. నడిపేవాడు బంగ్లాదేశ్ కుర్రాడు, మంచివాడు, బండి మెల్లగా పోనిచ్చాడు. దారిలో ఉహుద్ కనిపించింది, సాయంత్రపు ఎండలో ఎర్రగా, బారుగా. మస్తానన్న కుడికాలు కింద రబ్బరు పట్టాను తొక్కుతూనే ఉంది. అతను ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

పొద్దుగూకాక, మగ్రిబ్ నమాజు తర్వాత హరంలో జనాజా నమాజు అయింది. ఎవరెవరో, పేరు కూడా తెలియనివాళ్లు, భుజాలు మార్చుకుంటూ ఆయన్ని బఖీకి మోసుకెళ్లారు. మస్తానన్న మూడు పిడికిళ్ల మట్టి వేసి, చేతులు దులుపుకోకుండానే బయటికొచ్చాడు. గేటు దగ్గర ఇంకొకాయన కూడా అతని చెయ్యి పట్టుకుని సంతోషం చెప్పాడు. నేను ఆయన్ని పక్కకు తోసినంత పని చేశాను.

జరిగిందంతా తెలిసి అప్పుడే మాబున్నీ ఫోన్ చేసింది. అతని చేతులకు మట్టి ఉంటే నేనే స్పీకరులో పెట్టి పట్టుకున్నాను.

"విన్యా. అందురూ ఏమన్నా అననీలే," అంది ఆవిడ. "నీ జతగాడు పోయినాడు. ఏడ్సు."

అతను గోడకు ఆనుకుని కింద కూలబడ్డాడు. ఒళ్లంతా కదిలేలా ఏడ్చాడు. దారినపోయే జనం ఆగి చూశారు, చూడనీ అనుకున్నాను. చాలాసేపటికి ఫోను వైపు తిరిగాడు.

"మాబూ, ఈ పొద్దు పక్కసీట్లో కూచ్చున్యానే. ఇంకొకడు తోల్నాడు. కిటికీ పక్కనే కూచ్చున్యా."

"ఏం సూసినావు?" అంది ఆవిడ మెల్లగా.

"ఏమీ కనపల్యా మే," అన్నాడు. "కండ్లు తెర్సుకోనే ఉండా. ఒక్కటి గూడా కనపల్యా."